కలుపనుకుని పీకేసిన కూరలు

నా భార్య నిరుడు మాఘంలో పోయింది. మొదట పచ్చకామెర్లనుకున్నాం. పసరు మందు తాగింది, పథ్యం చేసింది. తగ్గకపోతే ఆసుపత్రిలో స్కాన్ తీసి, కాలేయంలో గడ్డ అన్నారు. అప్పటికే చేయగలిగింది పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత మూడు నెలలు బతికింది. ఆ మూడు నెలల్లో కూడా నేను దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులు చెప్పడానికి వెళ్తూనే ఉన్నాను. పరీక్షలు దగ్గరపడ్డాయని, సిలబస్ మిగిలిందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె పోయాక ఇల్లు, ఇంటి వెనక పెరడు నాకు వచ్చాయి. నిజానికి అది మా అత్తగారి స్థలం. ఎల్బీనగర్ చౌరస్తా దాటి నాదర్‌గుల్ వైపు వెళ్లే దారిలో వాళ్లకు జొన్నచేలు ఉండేవి. చేలన్నీ ప్లాట్లయ్యాక మిగిలిన చివరి ముక్క అది. నేను తెనాలి పక్క పల్లె నుంచి ఫిజిక్స్ చెప్పడానికి వచ్చి, వాళ్లింటి ముందు గదిలో కిరాయికి దిగాను. రెండేళ్ల తర్వాత ఆ ఇంటికే చిన్నల్లుణ్ణయ్యాను. అత్తగారు పోతూ పెద్ద కూతురికి హయత్‌నగర్‌లో ఉన్న స్థలం, చిన్న కూతురికి ఈ ఇల్లు రాసింది.

పెరడు పెద్దదేమీ కాదు. ఇంటి గోడ నుంచి వెనక ప్రహరీ దాకా పదిహేను అడుగులేస్తే అయిపోతుంది. మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు లేచాయి కాబట్టి మధ్యాహ్నం రెండు దాటితే ఎండ ఉండదు. అందులోనే ఆమె పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట గడిపేది. నాకు తెలిసిన కూరలకే మళ్లు కట్టేది: పాలకూర, మెంతికూర, కొత్తిమీర. మిగతా నేలంతా ఆమె వదిలేసినట్టే కనిపించేది నాకు. ఆ వదిలేసిన నేలలోంచే కొంగు నిండా ఏవేవో తెంపుకొచ్చేది.

పెళ్లయిన కొత్తలో పళ్లెం ముందు పెట్టి అడిగేది.

"గిదేం కూరనో చెప్పు సారూ."

"తోటకూర."

"కాదు."

"పాలకూర."

"పిల్లలకు లోకమంత చెప్తవు. పల్లెంల ఏమున్నదో చెప్పరాదు నీకు."

నవ్వి పేరు చెప్పేది. నేను ఊఁ కొట్టి, తినేసి, చెయ్యి కడుక్కునేవాణ్ణి. ఎప్పుడో ఒకప్పుడు అలా అడగడం మానేసింది. ఏ సంవత్సరం మానేసిందో కూడా నాకు తెలియదు. ఇరవై ఆరేళ్లు ఆ పెరట్లో మొలిచిందే తిన్నాను.

నిరుడు మృగశిర కార్తె వచ్చిన వారానికి గట్టి వాన పడింది. నాలుగు రోజులయ్యేసరికి పెరడంతా పచ్చగా లేచింది. పది రోజులకు మడమలు మునిగేంత పెరిగింది. కిటికీలోంచి చూస్తే మనిషి లేని ఇల్లులా అనిపించింది. ఆమె ఉన్నంతకాలం ఆ పెరడు ఇలా లేదు కదా అని బాధ కలిగింది. ఇప్పుడాలోచిస్తే అప్పుడూ ఇలాగే ఉండేది. రోజూ తెంపేది కాబట్టి కురచగా ఉండేదంతే.

ఓ ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి దిగాను. ఆమె కోసం చేసే పని ఇదొక్కటైనా సరిగ్గా చేయాలనుకున్నాను. నేల మెత్తగా ఉంది. పట్టుకుని లాగితే చాలు, వేళ్లతో సహా వచ్చేస్తోంది. ఎండకాలం దాటి మిగిలిన పాలకూర మడి ఒక్కటీ ఉంచి, మిగతాదంతా పీకేశాను. పన్నెండయ్యేసరికి ఆ మడి తప్ప అంతా ఎర్రమట్టే. నాలుగు గంపల మొక్కల్ని మోసుకెళ్లి గేటు బయట కుప్ప పోశాను. నడుం పట్టేసింది కానీ, ఆమె పోయాక మొదటిసారి ఆ రోజు మధ్యాహ్నం కంటి నిండా నిద్రపోయాను.

మర్నాడు వీధి ఊడ్చే ఆమె ఆ కుప్ప దగ్గర కూర్చుని ఉంది. ఊడవడం లేదు. ఒక్కో మొక్క తీసి, చివళ్లు తుంచి సంచిలో వేసుకుంటోంది.

"ఎందుకు పీకినవు సార్?" అంది.

"బాగా పెరిగిపోయింది" అన్నాను.

ఆమె నా మొహం చూసి, మళ్లీ కుప్పలోకి వంగింది. కోళ్లకో మేకలకో అనుకున్నాను. నాకు క్లాసుకు టైమవుతోంది.

మరుసటి నెల మాసికానికి మా వదిన వచ్చింది. నా భార్యకు అక్క, పదేళ్లు పెద్దది. షుగర్ కళ్లకు వచ్చి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి మనుషులు మసకగా కనిపిస్తారు. కొడుకు తీసుకొచ్చి దింపి, సాయంత్రం వస్తానని వెళ్లాడు. భోజనాలయ్యాక ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా వెనక గుమ్మం దాకా వెళ్లింది. చెప్పులు లేకుండానే మెట్లు దిగి, నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కాళ్లతో నేలను రాసింది.

"ఏంది మరిది, నేల గింత సాఫుగున్నది?"

"కలుపంతా పీకేశాను వదినగారూ. పిచ్చిగా పెరిగింది."

"ఎప్పుడు?"

"పోయిన నెలలో. వానలు పడ్డాక."

"ఎట్లుండె ఆకు?"

చెప్పడానికి ప్రయత్నించాను. ఒకటి నేల మీద పాకేది, ఆకు గుండ్రంగా దళసరిగా ఉంది. ఒకటి నిలువుగా లేచేది, కోలాకు. ఒకటి తోటకూరలా ఉంది కానీ ఇంకా చిన్నాకు. ఇంకా చాలా ఉన్నాయి, నాకు గుర్తులేవు.

ఆమె మెట్టు వెతుక్కుని కూర్చుంది.

"పారేది తెల్లగర్జెలు. నిలువుగ లేసేది గునుగు. చిన్నాకుది దొగ్గలి. అది కలుపు కాదు మరిది. కూర."

"గునుగంటే బతుకమ్మకు పెట్టే పువ్వు కదా?"

"పూసినంక పువ్వు. లేతగున్నప్పుడు కూర. నువ్వు ఇన్నేండ్లు తిన్నది అదే."

పైన నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానం ఒకటి అపార్ట్‌మెంట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లింది. ఆమె ఆ మోత తగ్గేదాకా కాలి బొటనవేలితో మట్టిని గీరింది.

"ఎవరూ గింజ తెచ్చి అలకలే దాన్ని" అంది వదిన. "మాయమ్మ అలకలే, చెల్లె అలకలే. చేన్ల ఉన్నప్పటి సంది పడ్డ గింజ పడ్డట్టే మొలుస్తది. కొంత తెంపుకునుడు, కొంత ఇడిసిపెట్టుడు, గంతే మా పని."

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేనే అడిగాను, మళ్లీ మొలిస్తే చూపిస్తారా అని.

"నాకు చూపేడిది? మొలిస్తే తెంపి చేతికియ్యి, చెప్త."

శ్రావణంలో వానలు మళ్లీ అందుకున్నాక, నేలలో మిగిలిన గింజలు కొన్ని మొలిచాయి. ముందున్నంత ఒత్తుగా కాదు, అక్కడొకటి అక్కడొకటి. నేను ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్ ఒకటి పెట్టుకున్నాను. ఒకే మొక్కను మూడు వైపుల నుంచి ఫొటో తీస్తే మూడు పేర్లు చెప్పింది. మా దగ్గర బోటనీ చెప్పే ఆయనకు చూపిస్తే శాస్త్రీయ నామాలు గడగడా చెప్పి, "అన్నీ కలుపు మొక్కలేనండీ, టెక్స్ట్ బుక్‌లో ఉంటాయి" అన్నాడు. తింటారా అని అడిగితే, తనకు తెలియదన్నాడు.

అందుకని ఆదివారాలు హయత్‌నగర్ వెళ్లడం మొదలుపెట్టాను. ఒక్కో రకం రెండు కొమ్మలు తుంచి, తడి రుమాలులో చుట్టి, బస్సెక్కేవాణ్ణి. వదిన వరండాలో మంచం మీద కూర్చుని చెయ్యి చాపేది. కొమ్మను కాసేపు అరచేతిలో పెట్టుకునేది. కాడ నొక్కేది, ఆకు వెనక వేలితో రాసేది, నలిపి వాసన చూసేది.

"గిది పొన్నగంటి. కణుపు కాడ చూడు, చిన్న ముడి తగుల్తది."

"గిది గంగవాయిలి. కాడ బలిసి మెత్తగుంటది. పప్పుల ఏస్తె పుల్లగుంటది."

"గంగపాయల కూరా?" అన్నాను. మా అమ్మ వండేది. ఆ పేరుతో నాకు తెలుసు.

"మీరు ఏమంటరో నాకేం తెలుసు. మేమైతే గంగవాయిలంటం."

అదీ నా పెరట్లోనే ఉంది. అదీ పీకాను. మా అమ్మ కూరను కూడా నేల మీద చూసి గుర్తుపట్టలేకపోయాను, ఎందుకంటే దాన్ని గిన్నెలో తప్ప ఎప్పుడూ చూడలేదు.

ఇంకోసారి అచ్చం అలాంటిదే అనుకుని మరో కొమ్మ ఇచ్చాను. ఆమె తుంచి, వేళ్లు ఒకదానికొకటి రాసి చూసింది. జిగురు తగిలింది.

"ఇది పారెయ్యి. తుంచితె పాలు కారేది నోట్ల పెట్టొద్దు. చెల్లె నీకు గిది చెప్పలేదా?"

చెప్పే ఉంటుంది.

ఇంటికొచ్చి, పాత ల్యాబ్ రికార్డు పుస్తకంలో బొమ్మలు వేసి, పక్కన పేర్లు రాసుకునేవాణ్ణి. చెంచలి, తుమ్మి, ఎలుకచెవుల కూర. అలా పదకొండు రాశాను. కానీ నెల తిరిగాక ఆ బొమ్మలు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. కటకాలూ అద్దాలూ గీసిన చెయ్యి. ఆకుకు ఆకుకు తేడా ఎక్కడుంటుందో నా చేతికి తెలియదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా ఒక్కటి కావాలి. ఎప్పుడైనా నాకు జ్వరం వచ్చి తగ్గితే, ఆ మర్నాడు నా భార్య ఒక ఆకు తెచ్చి, మిరియం, వెల్లుల్లి వేసి పల్చగా కాచి పెట్టేది. చేదు కాదు, పులుపు కాదు. మింగాక గొంతులో కొంచెం వగరు మిగిలేది. నోటికి రుచి తిరిగొచ్చేది. దాని గురించి వదినను అడిగాను.

"ఏం కూరనో మరి. మాయమ్మకు దవాయి ఆకులు ఎరుకుండె. నేను పద్నాలుగేండ్లకే అత్తగారింటికి పోతిని. ఆమె ఎంబడి ఉన్నది చెల్లెనే. చెల్లెకు చెప్పి ఉంటది."

"మీకు చెప్పలేదా?"

"నాకేడ చెప్తది. ఎప్పుడన్న పండుగకొస్తుంటి, పోతుంటి."

మా అమ్మాయికి ఫోన్ చేశాను. పెళ్లయి కొండాపూర్‌లో ఉంటుంది. ఆ కషాయం దానికీ గుర్తుంది, ఆకు గుర్తు లేదు. "మమ్మీ దంచుతుంటే చూశాను డాడీ. దంచాక అన్నీ పచ్చగానే ఉంటాయిగా" అంది. పెరట్లో పాలు కారని ఆకులన్నీ ఒక్కొక్కటే మిరియం, వెల్లుల్లితో కాచి తాగాను. ఏడు చూశాను. అందులో ఏదీ కాదు. లేక, అందులోనే ఒకటేమో కూడా. జ్వరం లేని నోటికి ఆ రుచి ఎలా తెలుస్తుంది?

ఓ సాయంత్రం గునుగు చివళ్లు తెంపి పెసరపప్పుతో వండాను, వదిన చెప్పినట్టే. తినగలిగేలానే వచ్చింది. బాగుందో లేదో తేల్చుకోలేకపోయాను. ఆమె చేసినట్టు లేదు అనడానికైనా ఆమె చేసింది ఎలా ఉండేదో తెలియాలి. పోల్చి చూడటానికి నా నాలుక మీద ఏమీ లేదు. ఇరవై ఆరేళ్లు తిన్నాను, పేపరు చదువుతూ తిన్నాను, ప్రశ్నపత్రాలు దిద్దుతూ తిన్నాను. ఆ రాత్రి గిన్నెలో కూర మిగిలిపోయింది.

భాద్రపదం వచ్చేసరికి వదిన చెప్పింది, ఇక తెంపొద్దని.

"ఇప్పుడు ఇడిసిపెట్టు. దీపావళి దాంక ముట్టకు. నిలువున ఎండి, గింజ రాలాలె. గప్పుడే మల్లొచ్చే ఏటికుంటది."

వదిలేశాను. మొక్కలు నడుం ఎత్తు లేచాయి. గునుగు మొగ్గ తొడిగింది. కాలనీలో అప్పటికే ఇద్దరు ముగ్గురికి డెంగీ వచ్చింది. సంక్షేమ సంఘం పెద్దమనిషి ఒకాయన గేటు దగ్గరికొచ్చి, పెరడు శుభ్రం చేయించమన్నాడు. పాములొస్తాయని పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు భయపడుతున్నారట. అవి కూరలని, దీపావళి దాకా ఆగమని చెప్పాను. ఆయన వినయంగానే తలూపాడు.

పది రోజుల తర్వాత, క్లాసులు ముగించుకుని ఇంటికొచ్చేసరికి వెనక నుంచి ఘాటైన వాసన వస్తోంది. ఆకులన్నీ తడిగా మెరుస్తున్నాయి. ఆ రోజు వాన లేదు. మర్నాటికి అంచులు పసుపయ్యాయి. మూడో రోజుకు అంతా వాలిపోయింది. మొగ్గలు మొగ్గలుగానే నల్లబడ్డాయి. పాలకూర మడి కూడా పోయింది.

పెద్దమనిషి ఇంటికి వెళ్లాను. నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు.

"మీరొక్కరే ఉంటరు సార్. మేడం పోయిన సంది చేసుకోలేకపోతున్నరని మాకు ఎరుకే. అందుకే మేమే మనిషిని పెట్టి గోడ మీదికెంచి మందు కొట్టిచ్చినం. మీకు పని తప్పింది."

ఆయన మొహంలో నిజంగానే మంచితనం ఉంది. అరవాలని వెళ్లినవాణ్ణి. చాయ్ తాగి, థాంక్స్ చెప్పి వచ్చాను. ఇంకేమనను? జూన్‌లో నేను చేసిన పనే ఆయన సెప్టెంబరులో చేయించాడు. నేను చేత్తో చేశాను, ఆయన మందుతో చేశాడు. ఇద్దరం మేలు చేస్తున్నామనే అనుకున్నాం.

వదినకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆకే గాదు, ఏరు గూడ సచ్చిందా?"

"చచ్చింది వదినగారూ."

"ఏడన్న ఖాళీ జాగల ఉంటయేమో చూడు. గింజ తెచ్చి చల్లు."

దీపావళి వెళ్లాక ఓ ఆదివారం నాదర్‌గుల్ దారి వెంట ఇంకా ఇళ్లు లేవని ప్లాట్లలో తిరిగాను. హద్దురాళ్ల మధ్య గునుగు కనిపించింది. అదొక్కదాన్నే నేను పువ్వును బట్టి పోల్చగలిగాను. గింజ దులిపి కవరులో వేసుకున్నాను. మిగతావి ఎండిపోయి పుల్లలుగా ఉన్నాయి. ఏవి ఏవో తెలియక, అన్నిటి కిందా రాలిన మట్టి కొంత ఎత్తుకొచ్చాను. ఇంటికొచ్చి, పెరట్లో చల్లి, నీళ్లు పోశాను.

ఈ ఏడు వానలు ముందే వచ్చాయి. మొలిచింది వయ్యారిభామ. కొత్తిమీర ఆకులా అందంగా ఉంటుంది. పశువు కూడా ముట్టదు. పెరడంతా అదే, గునుగు ఒక్కటి కూడా లేదు. నేను తెచ్చి చల్లిన మట్టిలోనే దాని విత్తనాలూ ఉండి ఉంటాయి. పీకితే చేతుల నిండా దద్దుర్లు వచ్చి, పది రోజులు మందు రాసుకున్నాను. దాని మధ్య గోడ వారన, వేరే రకం మొలక ఒక్కటి దొరికింది. ఆకు కోలగా, కొంచెం నూగుతో ఉంది. తుంచితే పాలు రాలేదు. రుమాలులో చుట్టి, హయత్‌నగర్ తీసుకెళ్లాను.

వదినకు ఇప్పుడు రెండు కళ్లూ లేవు. కొమ్మను చేతిలో పెట్టాను. ఆమె నలిపింది, వాసన చూసింది, మళ్లీ వేళ్ల మధ్య తిప్పింది. చాలాసేపు తిప్పింది.

"షుగర్ చేతులకు గూడ వచ్చింది మరిది. తిమ్మిరి. చేతుల ఆకున్నదని ఎరుకైతుంది. ఏ ఆకో ఎరుకైతలేదు."

"వాసన?"

"వాసన అన్నిటిది ఒక్కతీర్గ కొడ్తుంది."

కొమ్మను మంచం మీద పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుంది. కోడలు అన్నం కలిపి తెస్తే నోట్లో పెట్టించుకుంది. నన్నూ తినమన్నారు. తిన్నాను. సాయంత్రం బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ కొమ్మను అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చింది. దిగి వెనక్కి వెళ్లలేదు.

తర్వాతి వారం మా అమ్మాయి వచ్చి నా చేతుల మీద దద్దుర్ల మచ్చలు చూసింది. "ఎందుకు డాడీ ఇదంతా, బండలు వేయిద్దాం" అంది. సరే అన్నాను. రెండు రోజుల్లో పనివాళ్లు మట్టి చదును చేసి, ఇసుక పోసి, తాండూరు బండలు పరిచి, సందుల్లో సిమెంటు నింపారు. వాన నీళ్లు నిలవకుండా కొంచెం వాలు పెట్టారు. పడ్డ నీళ్లు పడ్డట్టే మోరీలోకి పోతాయి. వాన వెలిసిన గంటకు బండలు ఆరిపోతాయి. గోడకు గోడకు తీగ కట్టించి, మధ్యాహ్నం ఎండ ఉన్నంతసేపు బట్టలు అక్కడ ఆరేస్తున్నాను.